లెక్క తప్పని లోకం

(మామయ్య డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. మేనకోడలు క్వాంటం సమాచార శాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఇద్దరిదీ ఒకే శాస్త్రం. దాన్నుంచి మనిషి ఏం ఆశించవచ్చన్న దగ్గరే తగువు.)

మామయ్య: ఈ వయసులో నాకు నమ్మకం అంటూ మిగిలింది ఒక్కటేనమ్మా, యూనిటారిటీ. దేవుడి సంగతి తేల్చుకోలేకపోయాను. ఇది మాత్రం తేలిపోయిందనే అనుకుంటున్నాను.

మేనకోడలు: తేలిపోయిందని మీరంటున్నారు. ముందు అదేం చెబుతుందో మీ మాటల్లో చెప్పండి మామయ్యా, తర్వాత పోట్లాడుకుందాం.

మామయ్య: రెండు సంగతులు చెబుతుంది. ఒకటి, సంభావ్యతల మొత్తం ఎప్పుడూ ఒకటే. ఎలక్ట్రాన్ ఇక్కడుండే అవకాశం, అక్కడుండే అవకాశం, ఇంకెక్కడైనా ఉండే అవకాశం అన్నీ కూడితే ఒకటి రావాలి. ఇవాళ ఒకటి వచ్చి రేపు కాస్త తగ్గిందంటే కుదరదు. 1926లో ష్రోడింగర్ సమీకరణం రాశాడు. ఆ తరంగాన్ని సంభావ్యతగా చదవాలని అదే ఏడాది మాక్స్ బోర్న్ అన్నాడు. సమీకరణంలోనే ఈ లెక్క ఇమిడి ఉందని అప్పుడు అర్థమైంది. రెండోదే నాకు ప్రాణం. వేర్వేరు స్థితుల్లో మొదలైనవి రెండూ ఎంతకాలం గడిచినా ఒకే స్థితికి చేరవు. మొదట్లో వాటి మధ్య ఎంత తేడా ఉందో ఆఖరిదాకా అంతే తేడా. అంటే ఇవాళ్టి స్థితి పూర్తిగా తెలిస్తే నిన్నటిది వెనక్కి కట్టుకోవచ్చు. ఒక ఉత్తరాన్ని కాల్చేశామనుకో. పొగ, బూడిద, వేడి, వెలుతురు అంతటినీ ఒక్క అణువు కూడా వదలకుండా పట్టుకోగలిగితే ప్రతి అక్షరమూ అందులోనే ఉంటుంది.

మేనకోడలు: ‘పట్టుకోగలిగితే’ అన్నారే, దాని సంగతి తర్వాత చూద్దాం. ఇది మూలసూత్రమా అన్నది ముందు. క్లాసులో మనం గబగబా దాటేసే విషయం ఒకటుంది. క్వాంటం సిద్ధాంతానికి గణితపు పునాది వేసిన వాన్ న్యూమన్ పుస్తకం 1932లో వచ్చింది. అందులో మార్పులు రెండు రకాలు. ఎవరూ కొలవనప్పుడు ష్రోడింగర్ సమీకరణం ప్రకారం జరిగే మార్పు యూనిటరీ. కొలిచినప్పుడు జరిగేది కాదు. స్పిన్ పైకి వచ్చే అవకాశం 60 శాతం ఉన్న ఎలక్ట్రాన్ ఒకటి, 90 శాతం ఉన్నది ఇంకొకటి. కొలిచాక రెండూ పైకే అని తేలాయనుకోండి. ఇప్పుడు వాటిని పక్కపక్కన పెడితే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. వేర్వేరుగా మొదలైనవి ఒకటైపోయాయి. మీరు ప్రాణం అన్న నియమం డిటెక్టర్ టిక్కుమన్నప్పుడల్లా తప్పుతోంది.

మామయ్య: తప్పినట్టు కనిపిస్తోంది, అంతే. డిటెక్టర్ కూడా అణువుల ముద్దే కదా? ఎలక్ట్రాన్, డిటెక్టర్, గది, నువ్వు, అంతా కలిపి ఒకే వ్యవస్థగా చూడు. ఎలక్ట్రాన్‌లో కనిపించకుండా పోయిన తేడా ఆ మొత్తంలో చిక్కుపడి ఉంటుంది. 1957లో హ్యూ ఎవరెట్ చెప్పింది ఇదే.

మేనకోడలు: చెప్పాడు, ఎంత ఖరీదో కూడా చెప్పాడు. ఆయన లెక్కలో రెండు జవాబులూ వస్తాయి, ఒక్కో జవాబుకి ఒక్కో శాఖ. లెక్క సరిపోయేది అన్ని శాఖలనూ కలిపి చూసినప్పుడే. మీరు, నేను బతికేది ఒక్క శాఖలో. ఈ శాఖలో తేడాలు చెరిగిపోతూనే ఉన్నాయి. ఏ ఒక్కరి కంటికీ ఆనని ఆ మొత్తంలో మాత్రం భద్రంగా ఉన్నాయని చెప్పుకుంటున్నాం.

మామయ్య: ఖరీదు ఎక్కువేననుకో. కానీ లెక్క తప్పిందని కంగారుపడ్డ ప్రతిసారీ ఏం జరిగిందో చూడు. బీటా క్షయంలో శక్తి లెక్క తగ్గింది. బోర్ అంతటివాడు శక్తి నిత్యత్వ నియమాన్నే వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. పౌలీ ఒప్పుకోలేదు. కంటబడని కణమేదో ఆ శక్తిని పట్టుకుపోతోందని 1930 డిసెంబరులో ఉత్తరం రాశాడు. 1956లో న్యూట్రినో దొరికింది. లెక్కను నమ్మినవాడే నెగ్గాడు.

మేనకోడలు: పౌలీ కథ అక్కడితో ఆపేస్తే ఎలా? అదే 1956లో లీ, యాంగ్ ఇద్దరూ ఇంకో నియమాన్ని అనుమానించారు. అద్దంలో కనిపించే ప్రయోగం కూడా అసలు ప్రయోగంలాగే నడవాలన్న పారిటీ నియమాన్ని. పౌలీకి అది మింగుడుపడలేదు. దేవుడు ఎడమచేతివాటం వాడంటే నమ్మను, ఎంత పందెమైనా కాస్తానని 1957 జనవరిలో వైస్కాఫ్‌కి రాశాడు. అంతలోనే కోబాల్ట్-60తో వూ చేసిన ప్రయోగం ఫలితం వచ్చింది. బలహీన బలాల్లో పారిటీ నిలబడదు. రెండుసార్లూ మనిషి ఒకడే, నమ్మకమూ అంతే గట్టిది. ఒకసారి నిజమైంది, ఇంకోసారి కాలేదు. నమ్మకం బలంగా ఉందన్నది సాక్ష్యం కాదు.

మామయ్య: పారిటీ పోయినా సిద్ధాంతం బతికింది. యూనిటారిటీ పోతే సిద్ధాంతమే ఉండదు. అది నాకు దారి చూపిన దీపమమ్మా, అలంకారం కాదు. బీటా క్షయానికి ఫెర్మీ రాసిన సిద్ధాంతాన్ని తీసుకో. శక్తి పెంచుకుంటూ పోతే ఒకచోట సంభావ్యత ఒకటిని మించిపోతుంది. ఆ తప్పును సరిదిద్దింది డబ్ల్యూ కణం, 1983లో సెర్న్‌లో దొరికింది. ఆ డబ్ల్యూ కణాలు ఒకదాన్నొకటి ఢీకొనే లెక్క వేస్తే అక్కడా అదే తంటా. 1000 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతానికి చేరేసరికి లెక్క చెడుతుంది, ఆలోగా హిగ్స్ కణమో మరొకటో అడ్డుపడి తీరాలని 1977లో లీ, క్విగ్, థాకర్ తేల్చారు. 2012 జూలై 4న సెర్న్ వాళ్ళు హిగ్స్‌ని చూపించారు. యూనిటారిటీ మీద ఉన్న నమ్మకంతో చేసిన జోస్యాలు ఇవి.

మేనకోడలు: ఒప్పుకుంటాను. కానీ మొదట మీరే రెండు సంగతులు విడదీశారు. హిగ్స్ దాకా దారి చూపింది మొదటిది, సంభావ్యత ఒకటిని మించకూడదన్నది. మీకు ఓదార్పునిచ్చేది రెండోది, గతం చెరగదన్నది. మొదటిది ఉండీ రెండోది లేకపోవచ్చు. 1986లో గిరార్డి, రిమిని, వెబర్ అచ్చం అలాంటి సిద్ధాంతమే రాశారు. అందులో ప్రతి కణపు తరంగమూ ఎవరూ కొలవకుండానే, సగటున 30 కోట్ల ఏళ్ళకోసారి తనంతట తానే ఒకచోటికి ముడుచుకుంటుంది. ఒక్క కణంలో అది మనకు తెలియదు. ఇసుక రేణువులో ఉన్న కణాల సంఖ్యకి అది క్షణక్షణమూ జరిగే పని. ఆ సిద్ధాంతంలో సంభావ్యతల మొత్తం ఎప్పుడూ ఒకటే. గతం మాత్రం చెరిగిపోతుంది.

మామయ్య: దానికి సాక్ష్యం ఉందా?

మేనకోడలు: ఇంతవరకూ లేదు, కాదనను. 2019లో వియన్నాలో 25,000 పరమాణు ద్రవ్యరాశి ప్రమాణాలు దాటిన అణువులు కూడా తరంగాల్లాగే ప్రవర్తించాయి. తరంగం అలా ముడుచుకునేటప్పుడు సన్నగా వికిరణం వెలువడాలి. దానికోసం ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద జెర్మేనియం డిటెక్టరు పెట్టి వెతికారు, ఏమీ కనబడలేదు. ఆ దెబ్బతో ఈ కోవకే చెందిన డియోషి–పెన్‌రోజ్ సిద్ధాంతపు అతి సరళమైన రూపం కొట్టుకుపోయింది. కానీ దాన్ని కొట్టేసింది ప్రయోగం, మన నమ్మకం కాదు. మిగిలిన రూపాలు ఇంకా బరిలోనే ఉన్నాయి. ప్రయోగం తేల్చాల్సినదాన్ని మూలసూత్రమని ముందే పూజలో పెట్టేయడం నాకు నచ్చదు.

మామయ్య: కృష్ణబిలాల సంగతేమంటావు? గతం చెరుగుతుందని హాకింగ్ 1976లో అన్నాడు. బిలంలో పడ్డది ఏ గుర్తూ లేని వేడిగా బయటికొస్తుందని, ఏం పడిందో ఇక ఎవరూ చెప్పలేరని. టోఫ్ట్, సస్కిండ్ ఒప్పుకోలేదు. 1997లో హాకింగ్, థోర్న్ ఒక పక్క, ప్రెస్కిల్ ఒక్కడూ మరో పక్క పందెం వేసుకున్నారు. అదే ఏడాది మాల్డసీనా కొత్త దారి తీశాడు. గురుత్వాకర్షణ ఉన్న లోకాన్ని, అది లేని మామూలు క్వాంటం లోకంగా మార్చి రాయవచ్చన్నాడు. ఆ రెండోదాంట్లో యూనిటారిటీకి ఢోకా లేదు కాబట్టి మొదటిదాంట్లోనూ ఉండి తీరాలి. 2004లో డబ్లిన్ సభలో హాకింగ్ ఓటమి ఒప్పుకుని ప్రెస్కిల్‌కి బేస్‌బాల్ విజ్ఞాన సర్వస్వం బహుమతిగా ఇచ్చాడు. 2019లో పెనింగ్టన్ ఒక పక్కన, అల్మెయిరీ బృందం మరో పక్కన లెక్కలు చేశారు. సమాచారం బయటికి వస్తే ఎలాంటి వక్రరేఖ రావాలని డాన్ పేజ్ 1993లో చెప్పాడో సరిగ్గా అదే వచ్చింది. ఇంకేం కావాలి?

మేనకోడలు: థోర్న్ ఆ రోజు ఒప్పుకోలేదు, అది కూడా చెప్పండి. మాల్డసీనా చూపించిన లోకం మనది కాదు, దానికి గోడలాంటి సరిహద్దు ఉంటుంది. మన విశ్వం నానాటికీ వేగం పెంచుకుంటూ విస్తరిస్తోందని 1998లో తేలింది. 2019 లెక్కలు సమాచారం ఎంత రావాలో చెబుతాయి, ఏ దారిన వస్తుందో చెప్పవు. ఇక పరీక్ష పెడదామంటే సూర్యుడంత బరువున్న కృష్ణబిలం ఆవిరవడానికి 1 పక్కన 67 సున్నాలు పెట్టినన్ని ఏళ్ళు కావాలి. దాని వేడి పరమ శూన్య ఉష్ణోగ్రతకి పైన డిగ్రీలో కోటో వంతు కూడా ఉండదు, చుట్టూ ఆకాశం 2.7 డిగ్రీలుంది. కాబట్టి ఇప్పుడది ఆవిరవడం మాట అటుంచి ఇంకా మింగుతూనే ఉంది. గణితం అందంగా ఉంది, నిజం. గిట్టనివాళ్ళు కూడా ఆ అందం చూసే మెత్తబడ్డారు. కానీ అది మన లోకపు తీర్పు కాదు.

మామయ్య: సరే. తేలలేదనే అనుకుందాం. తేలుతుందని నా పందెం. ఇప్పుడు దాన్ని ఎందుకు పట్టుకు వేలాడుతున్నానో విను. మీ అత్తయ్య పొద్దున్నే వంటింట్లో పాడుకునేది. మంగళహారతులు, తలుపు పాటలు, ఎవరు రాశారో తెలియనివి. ఒక్కటీ రికార్డు చేసుకోలేదు. ఆ గొంతు గాలిని కదిపింది, గాలి గోడల్ని ఆవగింజంత వేడెక్కించింది, ఆ వేడి ఎటో పోయింది. ఎటు పోయినా పోలేదు అంటుంది యూనిటారిటీ. వట్టి వేదాంతం కూడా కాదు. బ్రౌన్‌స్టీన్, మన అరుణ్ పాటి కలిసి 2007లో ఒక సిద్ధాంతం నిరూపించారు. ఒక వ్యవస్థలోంచి సమాచారం పూర్తిగా మాయమైందంటే అది పరిసరాల్లో ఉండి తీరాలి, నడుమ ఎక్కడా దాక్కోవడానికి చోటు లేదు అని. 2011లో బెంగళూరు ఐఐఎస్‌సీ నుంచి దాని ప్రయోగం అచ్చయింది. పోయిందనుకున్న స్థితి పక్కనున్న స్పిన్‌లలో దొరికింది.

మేనకోడలు: ఆ పేపర్ నాకు బాగా తెలుసు మామయ్యా. దాంట్లో మొదటి పేరు ఒక యువ పరిశోధకురాలిది. ప్రయోగం చేసింది ఆమే. అది అచ్చులో రాకముందే చనిపోయింది. మిగిలిన ఇద్దరూ పేపర్‌ని ఆమె జ్ఞాపకానికి అంకితమిచ్చారు. ఏదీ మాయం కాదన్న నిరూపణ చేతిలో ఉన్నవాళ్ళు వాళ్ళు. అయినా అది చాలుననుకోలేదు, అందరిలాగే దుఃఖపడి అంకితం రాసుకున్నారు. ఆ ప్రయోగంలో ఉన్నవి మూడు కేంద్రకాల స్పిన్‌లు. ఏ పల్స్ ఎప్పుడిచ్చారో వాళ్ళకి తెలుసు కాబట్టి పోయింది ఎక్కడుందో వెతికి చూపించగలిగారు. అత్తయ్య పాటకి పరిసరం వంటింటి గోడలతో ఆగదు. గోడల వేడి పరారుణ కిరణాలుగా మారి ఇంటి పైకప్పు దాటి, గాలి దాటి, కాంతి వేగంతో ఆకాశంలోకి వెళ్ళిపోయింది. దాని వెనక పరిగెత్తి అందుకోగలిగేది ఏదీ లేదు. పైగా విశ్వం వేగం పెంచుకుంటోంది. ‘పట్టుకోగలిగితే’ అన్నారే, అది చేతకాక జరగనిది కాదు, ఎప్పటికీ ఎవరివల్లా కానిది.

మామయ్య: తిరిగి తెచ్చిమ్మని నేనెప్పుడడిగాను?

మేనకోడలు: తిరిగి రాకపోయినా ఉందన్నది ఓదార్పు అంటారు. అదే మాటని ఇటు నుంచి చూడండి. పాట ఎంత భద్రంగా ఉందో, ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఆవిడ పడ్డ నొప్పీ అంతే భద్రంగా ఉంది. లోకంలో జరిగిన ప్రతి అన్యాయమూ ఉంది. ఏరి దాచేది కాదు మామయ్యా ఇది, దానికి పాటా ఒకటే దగ్గూ ఒకటే. ఇంకోటి. ఏదీ పోదు అంటే ఏదీ కొత్తగా రాదని కూడా అర్థం. అత్తయ్య గొంతెత్తకముందే, పుట్టకముందే, ఆ లెక్కంతా విశ్వపు తొలి స్థితిలో ఉన్నట్టు. ఆవిడ రావడంవల్ల లోకానికి చేరిందీ లేదు. పోలేదన్న ఓదార్పుతో పాటు ఇదీ తీసుకోవాలి. మీరు ఒకటే తీసుకుని రెండోదాన్ని వదిలేస్తున్నారు.

మామయ్య: (కాసేపు ఆగి) రెండూ తీసుకుంటాను. నొప్పి కూడా ఆవిడదే, దాన్ని చెరిపేసి ఆవిడని ఉంచమని అడగలేను. కొత్తగా చేరలేదన్నావు. మొత్తం మీద చూస్తే చేరలేదు. కానీ మొత్తాన్ని ఎవరూ చూడరని నువ్వే అన్నావుగా. మనమున్న మూలలో ఆవిడ కొత్తగానే వచ్చింది. నేను అడిగేది చాలా చిన్నది. ఆవిడ పాడిన లోకం ఒకటి, పాడని లోకం ఒకటి ఊహించు. ఎన్ని కోట్ల ఏళ్ళు గడిచినా ఆ రెండూ ఒకటి కావు. సూర్యుడు ఆరిపోయినా, నక్షత్రాలన్నీ చల్లబడినా, ఎక్కడో ఏ కిరణంలోనో ఆ తేడా ఉంటుంది, మొదట ఉన్నంతా ఉంటుంది. ఎవరికీ వినపడక్కర్లేదు. ఆవిడ ఉన్నా లేకపోయినా ఒకటే అనే రోజు లోకానికి రాదు. అంతే.

మేనకోడలు: ఇంత బాగా ఇదివరకు ఎవరూ చెప్పగా వినలేదు. అయినా ఒక మాట. దానికి యూనిటారిటీ ఎందుకు? జాడలన్నీ చెరిగినా పాడింది పాడిందే. 1955 మార్చిలో ఐన్‌స్టీన్ ప్రాణస్నేహితుడు బెస్సో పోయాడు. గతం, వర్తమానం, భవిష్యత్తు అన్న తేడా మొండిగా పట్టుకున్న భ్రమేనని ఐన్‌స్టీన్ ఆ ఇంటివాళ్ళకి రాశాడు. నెల తిరిగేసరికి తనూ వెళ్ళిపోయాడు. ఆయన జాడల కోసం చూడలేదు. బెస్సో బతికిన రోజులు కాలంలో తమ చోట తాము ఉన్నాయన్నది ఆయనకి సరిపోయింది. అది సాపేక్షత ఇచ్చిన ఓదార్పు. సమాచారం మిగిలినా మిగలకపోయినా దానికేం కాదు.

మామయ్య: ఐన్‌స్టీన్‌కి సరిపోయిందేమో, నాకు చాలదు. జరిగిందనడానికి లోకంలో ఏ ఆధారమూ మిగలనప్పుడు, జరిగింది అన్న మాట ఒక్కటే మిగులుతుంది. నలభై ఏళ్ళు పిల్లలకి ప్రాక్టికల్స్ చేయించినవాణ్ణి, మాట మీద ఆధారపడలేను.

మేనకోడలు: నేను పూర్తిగా వేరే వైపు ఆధారపడతాను. యూనిటారిటీ నుంచే వచ్చే ఇంకో ఫలితం మీకు తెలుసు. తెలియని క్వాంటం స్థితికి నకలు తీయలేం. 1982లో వూటర్స్, జురెక్ ఒక పక్కన, డీక్స్ ఇంకో పక్కన చెప్పారు. అంటే విశ్వం దాచుకునేది ఒక్కటే ప్రతి, అదీ చెల్లాచెదురుగా. పాట అలాంటిది కాదు, నోటినుంచి నోటికి ఎన్ని నకళ్ళయినా ఎక్కుతుంది. రాసినవాళ్ళ పేర్లు పోయినా మన ఆడవాళ్ళ పాటలు ఉన్నాయంటే అందుకే. అత్తయ్య పాటల్లో రెండు నాకొచ్చు. పోతాయన్న భయం ఉండబట్టే నేర్చుకున్నాను. లోకం ఎలాగూ దాచిపెడుతుందిలే అనుకుని ఉంటే నేర్చుకునేదాన్ని కాదు.

మామయ్య: నువ్వు పాడేది ఆవిడ పాడినట్టు ఉండదు. రెండో చరణంలో నీ దారి వేరు. అచ్చంగా ఆవిడదే ఉన్నది ఆ ఒక్క ప్రతిలోనే.

మేనకోడలు: ఎవరికీ వినపడని అచ్చమైనదానికన్నా కాస్త మారి వినపడేదే నాకు మేలు. అక్కడ మనం కలవం. వదిలేయండి. నాది ఇంకొక్క ప్రశ్న. మీ ఓదార్పు ప్రయోగానికి తాకట్టు పడి ఉంది. రేపు గ్రాన్ సాసోలాంటి చోట ఆ సన్నని వికిరణం కనబడిందనుకోండి. తరంగం తనంతట తాను ముడుచుకుంటోందని, గతం నిజంగానే చెరుగుతోందని తేలిందనుకోండి. అప్పుడు అత్తయ్య కోసం మళ్ళీ మొదటినుంచీ ఏడుస్తారా?

మామయ్య: ఏడుస్తానేమో. ఆ మేరకి ఓదార్పు తగ్గుతుంది, తగ్గిందని ఒప్పుకుంటాను. ఏ ప్రయోగమూ తాకలేని ఓదార్పు కావాలంటే కర్మ చేయించిన పంతులుగారు పదకొండో రోజునే ఇచ్చారు. మంచి మనసుతోనే ఇచ్చారు, నేనే తీసుకోలేకపోయాను. అబద్ధమయ్యే వీలున్నదైతేనే నాకు నిజమనిపిస్తుంది.

మేనకోడలు: ఫలితం ఇలాగే రావాలని కోరుకునేవాడు వచ్చిన ఫలితాన్ని సరిగ్గా చదవగలడా? నా భయమంతా అదే.

మామయ్య: పౌలీ చదివాడు కదా. ఎంత పందెమైనా కాస్తానన్నవాడు వూ ఫలితం రాగానే మొదట అదిరిపడి, కొద్ది రోజుల్లోనే ఒప్పుకున్నాడు. పందెం కాయకపోవడం మంచిదైందని తనమీద తనే నవ్వుకున్నాడు కూడా. కోరుకున్నందుకు ఆయన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

మేనకోడలు: అయితే మీది మూలసూత్రమూ కాదు, మతమూ కాదు మామయ్యా. పందెం.

మామయ్య: పందెమే. ఓడితే నాకేం పోతుందో తెలిసే కాస్తున్నాను. నీకైతే ఓడినా పేపరొకటి వస్తుంది.